మన కర్ఫ్యూ రోజులను ఫిల్ము మీద దాచిన దంపతులు
(1986 పదో తరగతి బ్యాచ్ విద్యార్థి)

సావనీర్ కమిటీ మిత్రులు ఫోన్ చేసి, "నువ్వు ఎట్లాగూ పాత కాగితాలు దాచుకునే మనిషివి, మన ప్రాంతం చరిత్ర మీద ఏదన్నా రాసియ్యి" అన్నారు. ఉప్పల్ స్టేడియం గురించి ఒకరు, మెట్రో గురించి ఇంకొకరు, నాచారం ఇండస్ట్రియల్ ఏరియా గురించి మరొకరు అప్పటికే పేర్లు రాయించుకున్నారట. నాకు మిగిలింది ఏమిటని రెండు రోజులు ఆలోచించాను. చివరికి ఒక డాక్యుమెంటరీ సినిమా గురించి, దాన్ని తీసిన భార్యాభర్తల గురించి రాద్దామని నిర్ణయించుకున్నాను. ఆ సినిమాలో ఉప్పల్ లేదు, నాచారమూ లేదు. అయినా అది మన చరిత్రే ఎందుకయిందో చెప్పడానికి ముందు మిమ్మల్ని తొమ్మిదో తరగతి గదిలోకి తీసుకుపోవాలి.

1984 ఆగస్టు 16. గవర్నర్ రాంలాల్ రామారావు గారి ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేశారు. నాదెండ్ల భాస్కరరావు గారు ముఖ్యమంత్రి అయ్యారు. సరిగ్గా నెల తిరిగి సెప్టెంబర్ 16 వచ్చేసరికి మళ్ళీ రామారావు గారే ముఖ్యమంత్రి. ఆ నెల రోజులూ నాచారం పిల్లలకు ఉచితంగా సినిమా చూపించినట్టే ఉండింది. రామారావు గారి రామకృష్ణ స్టూడియో మన నాచారంలోనే కదా! అటువైపు పోయే ప్రతి అంబాసిడర్ కారులోనూ ఎమ్మెల్యే ఉన్నాడనే మన నమ్మకం. ఎమ్మెల్యేలను కర్ణాటకకు తీసుకుపోయారనీ, నంది కొండల మీద పెట్టారనీ పేపర్లో చదివి, వాళ్ళకు దొరికిన విహారయాత్ర మనకెందుకు దొరకదని సోషల్ సారును అడిగి గోడకుర్చీ వేసిన మహానుభావుడు ఇప్పుడు ఈ కమిటీ కోశాధికారి. పేరు చెప్పను.

అదే నెలలో మూసీకి అవతల ఇంకొకటి జరిగింది. వినాయక నిమజ్జనం రోజులవి. పాతబస్తీలో మతకల్లోలాలు, కత్తిపోట్లు, ఇళ్ళు తగలబెట్టడాలు, వాటి వెంట కర్ఫ్యూ. ఉప్పల్ నుంచి చార్మినార్ ఏమంత దూరం? పది, పన్నెండు కిలోమీటర్లు. అయినా ఇక్కడ మన బడి నడిచింది, సైన్సు పరీక్ష కూడా జరిగింది. మా ఇంట్లో రేడియోలో వార్తలు వినేవాళ్ళం, "అయ్యో" అనుకునేవాళ్ళం, అన్నం తినేవాళ్ళం.

నా పక్కన కూర్చునేవాడు ఒకడుండేవాడు. మన బ్యాచ్ వాళ్ళకు ఎవరి గురించో ఇప్పటికే తెలిసిపోయి ఉంటుంది. వాళ్ళ నాన్న, మా నాన్న నాచారంలో ఒకే కార్ఖానాలో పనిచేసేవాళ్ళు. వాళ్ళ నాన్న టర్నర్, మా నాన్న స్టోర్స్‌లో. వాళ్ళ ఇల్లు పాతబస్తీలో. మనవాడు చదువు కోసం ఉప్పల్‌లో మేనమామ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికి పోయి సోమవారం పొద్దున వచ్చేవాడు. ఆ సెప్టెంబర్‌లో ఒక సోమవారం రాలేదు. సారు హాజరు పిలుస్తూ వాడి నంబరు దగ్గర ఒక్క క్షణం ఆగి, తల ఎత్తి చూసి, గీత గీసి ముందుకు పోయారు. రెండు వారాలకు పైగా అట్లాగే ఆగి, అట్లాగే పోయారు. తర్వాత వాడు వచ్చాడు. జామెట్రీ బాక్సు లేదు, నాది వాడుకున్నాడు. "ఎక్కడికి పోయినవ్ రా ఇన్ని రోజులు?" అని నేను అడగలేదు. దసరా సెలవుల దాకా ఆ నాలుగు రోజులు వచ్చాడు. సెలవుల తర్వాత రాలేదు. వాళ్ళ నాన్నకు కర్ఫ్యూ రోజుల జీతం కోసేశారని మా నాన్న అమ్మతో చెబుతుంటే విన్నాను. అంతే. ఆ సంగతి అక్కడితో ముగిసిందనుకున్నాను.

ముప్పై ఏళ్ళ తర్వాత ఒక సహోద్యోగి నాకు ఒక డీవీడీ ఇచ్చాడు. "నువ్వు హైదరాబాదోడివి కదా, ఇది చూడు" అన్నాడు. పేరు "క్యా హువా ఇస్ షహర్ కో?" ఈ నగరానికి ఏమైంది అని. 1986లో పూర్తయిన సినిమా. అంటే మనం పదో తరగతి పరీక్షలు రాసిన సంవత్సరం. దర్శకురాలు దీపా ధన్‌రాజ్. కెమెరా నవ్రోజ్ కాంట్రాక్టర్. ఇద్దరూ భార్యాభర్తలు.

దీపా ధన్‌రాజ్ 1953లో హైదరాబాదులోనే పుట్టారు. తర్వాత స్థిరపడింది బెంగుళూరులో. మన తరానికి డాక్యుమెంటరీ అంటే ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుంటే ఆమె చేసిన పని ఎంత వేరైనదో అర్థమవుతుంది. 1948లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన ఫిల్మ్స్ డివిజన్ వాళ్ళ చిత్రాన్ని ప్రతి థియేటర్లోనూ అసలు సినిమాకు ముందు తప్పనిసరిగా వేసేవాళ్ళు. ఆనకట్ట, వరద, మంత్రిగారి ప్రారంభోత్సవం, వెనక నుంచి గంభీరమైన ఒక గొంతు. జనం ఆ పది నిమిషాలను పల్లీలు కొనుక్కోవడానికి వాడుకునేవాళ్ళు. టీవీ వచ్చాక కూడా పద్ధతి పెద్దగా మారలేదు. 1975 ఆగస్టు నుంచి ఏడాది పాటు సైట్ ప్రయోగం నడిచింది. అమెరికా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు టీవీ కార్యక్రమాలు పంపారు. అందులో మన రాష్ట్రం పల్లెలూ ఉన్నాయి. ఇంజనీరుగా ఆ ప్రయోగానికి ఇప్పటికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ మాట్లాడేది పైనున్నవాళ్ళు, వినేది కిందున్నవాళ్ళు. పల్లెటూరి ఆడమనిషి తెర మీద కనిపిస్తే ఆమె గురించి ఇంకెవరో చెబుతుండేవాళ్ళు.

ఆ వరుసను తిరగెయ్యాలనుకున్నవాళ్ళలో దీప ఒకరు. 1980లో ఆమె, ఆభా భయ్యా, మీరా రావు, నవ్రోజ్ కలిసి "యుగాంతర్" అనే బృందం పెట్టారు. ఆ రోజుల సంగతి తెలియాలి. మథుర కేసు తీర్పు మీద దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కిన కాలం. మనకైతే అంతకు ముందే, 1978లో, నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో జరిగిన దారుణం, రమీజాబీ కేసు. నల్లకుంట అంటే ఉప్పల్ నుంచి కోఠి పోయేవాళ్ళు కిటికీలోంచి రోజూ చూసే ఊరు.

యుగాంతర్ మొదటి చిత్రం "మోల్కరీణ్", 1981లో, పుణె నగరంలో ఇళ్ళలో పనిచేసే ఆడవాళ్ళు సంఘం పెట్టుకోవడం మీద. మరుసటి ఏడు నిప్పాణి పొగాకు కార్ఖానాల ఆడకూలీల సమ్మె మీద ఇంకొకటి. 1983లో చిప్కో ఉద్యమంలో పనిచేసిన ఒక స్త్రీ మీద "సుదేశ". ఈ చిత్రాలు తీయడానికి వాళ్ళు ముందు కెమెరా బయటికి తీయలేదు. నెలల తరబడి ఆ ఆడవాళ్ళతో ఉండి, ఏం చూపించాలో ఎట్లా చూపించాలో వాళ్ళతోనే మాట్లాడి, ఆ తర్వాత తీశారు. మా వృత్తిలో ఒక జబ్బు ఉంది. ఆపరేటర్‌ను అడగకుండా కంట్రోల్ ప్యానెల్ డిజైన్ చేస్తాం, తర్వాత వాడికి తెలివిలేదని తిడతాం. యుగాంతర్ వాళ్ళ పద్ధతి గురించి చదివినప్పుడు నాకు కాస్త సిగ్గేసింది.

1983లోనే వాళ్ళు హైదరాబాదుకు వచ్చి తెలుగులో ఒక చిత్రం తీశారు. "ఇది కథ మాత్రమేనా?" నిడివి అరగంట కూడా ఉండదు. నలుపు తెలుపు. మన నగరంలో అప్పుడు పనిచేస్తున్న స్త్రీశక్తి సంఘటనతో కలిసి తీసింది. ఈ సంఘటన వాళ్ళే తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ చేత వాళ్ళ కథలు చెప్పించి "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకం వేశారు. అది కూడా 1986లోనే. సినిమా మాత్రం పోరాటాల గురించి కాదు, ఒక ఇంటి గురించి. చదువుకున్న, మర్యాదస్తుల ఇల్లు. అందులో ఒక భార్య. దెబ్బలు, అవమానాలు, ఎవరికీ చెప్పుకోలేనితనం. నటించింది సినిమా తారలు కాదు, ఆ బృందం వాళ్ళూ వాళ్ళ మిత్రులూ. మాటలు వాళ్ళ సొంత సంభాషణల్లోంచి వచ్చాయి. ఇది డాక్యుమెంటరీనా, కథాచిత్రమా అని అడిగితే నేను చెప్పలేను. పేరులోనే ఆ ప్రశ్న ఉంది కదా. భర్త పెట్టే క్రూరహింసను నేరం చేస్తూ 498ఏ సెక్షన్ చట్టంలోకి వచ్చింది ఆ 1983 చివర్లోనే. అంతకు ముందు "సంసారమన్నాక సర్దుకుపోవాలి" అన్నదే చట్టం. మన వీధుల్లో రాత్రిపూట ఏ ఇంట్లోంచి ఏ శబ్దం వచ్చేదో మనలో ఎవరికి తెలియదు? మరుసటి పొద్దున ఆ ఇంటి పిల్ల బడికి వచ్చి మన మధ్యే కూర్చునేది. మనం హోంవర్కు గురించి మాట్లాడుకునేవాళ్ళం.

ఇప్పుడు కెమెరా వెనకున్న మనిషి సంగతి. నవ్రోజ్ కాంట్రాక్టర్ బరోడాలో చిత్రకళ చదివి, పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో కెమెరా నేర్చుకున్నారు. మణి కౌల్ 1973లో తీసిన "దువిధ"కు ఆయనే ఛాయాగ్రాహకుడు. రాజస్థాన్ ఎండ, తెల్లగోడలు, ఎర్రబట్టలు. ఆ చిత్రంలో ఒక్కొక్క ఫ్రేము గోడకు తగిలించుకునేటట్టు ఉంటుంది. సంజీవ్ షా గుజరాతీలో తీసిన "హూఁ హుఁషీ హుఁషీలాల్" కూడా ఆయన కెమెరానే. మన నెల్లూరు పఠాభి గారు, అదే "సంస్కార" తీసిన పట్టాభిరామిరెడ్డి గారు, కన్నడంలో తీసిన "దేవర కాడు"కూ ఆయనే పనిచేశారు. ఇంత పేరున్నవాడు పొగాకు కార్ఖానాల ముందు, బస్తీ సందుల్లో, కర్ఫ్యూ వీధుల్లో భార్య దర్శకత్వంలో కెమెరా మోశాడు. ఆయనకు ఇంకా మూడు పిచ్చులు: ఫోటోలు, జాజ్ సంగీతం, మోటార్‌సైకిళ్ళు. మోటార్‌సైకిళ్ళ మీద పత్రికలకు వ్యాసాలు కూడా రాసేవారు. ఇంజన్ చప్పుడు విని జబ్బు చెప్పే రకం మనిషి అయ్యుంటారని నా ఊహ.

ఆ రోజుల్లో ఇట్లాంటి చిత్రం తీయడం ఎంత పనో పిల్లలకు చెప్పాలి. ఇప్పుడు ఫోను జేబులోంచి తీసి గంటసేపు తీస్తారు, నచ్చకపోతే చెరిపేస్తారు. అప్పుడు 16 ఎంఎం ఫిల్ము. అడుగుకు 40 ఫ్రేములు, సెకనుకు 24 ఫ్రేములు. అంటే నిమిషానికి 36 అడుగులు. 400 అడుగుల చుట్ట పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. అయిపోయాక నల్లసంచిలో చేతులు దూర్చి తడుముకుంటూ చుట్ట మార్చాలి. రోడ్డు మీద గుంపు పరుగెత్తుతున్నా సరే. శబ్దం కెమెరాలో పడదు, దానికి వేరే టేపురికార్డరు, దాన్ని మోసే వేరే మనిషి. "క్యా హువా" నిడివి 95 నిమిషాలు, అంటే తెర మీద మనకు కనిపించే ఫిల్మే 3,420 అడుగులు. దానికి పదింతలు తీశారనుకుందాం, అదేమీ పెద్ద లెక్క కాదు, ఎనభై ఐదు డబ్బాలకు పైనే అవుతుంది. ఆ డబ్బాలన్నీ కడిగించాలి, ప్రింటు వేయించాలి. తీసింది బాగా వచ్చిందో లేదో కడిగిందాకా తెలియదు. పెద్ద నిర్మాత ఎవరూ వెనక లేని బృందం ఈ పని చేసిందంటే, నేను ముందు లెక్క చూసి ఆ తర్వాతే కళ చూస్తాను.

ఇక సినిమా. డీవీడీ పెట్టుకుని ఒక ఆదివారం మధ్యాహ్నం చూశాను. మా ఆవిడ వంటింట్లోంచి "ఏంటిది, పాత న్యూసా?" అని వచ్చి, నిలబడే చివరిదాకా చూసింది.

1984 నాటి రాజకీయాల గందరగోళమూ, పాతబస్తీ కల్లోలాలూ పక్కపక్కనే కనిపిస్తాయి. మనం రెండు వేరువేరు వార్తలుగా చదువుకున్నవి, నాచారం స్టూడియో చుట్టూ తమాషా ఒకటి, మూసీ అవతలి కర్ఫ్యూ ఒకటి, ఆ రెండూ ఒకే వార్త కావచ్చునేమోనన్న ఆలోచన నాకు నలభై నాలుగో ఏట వచ్చింది. ఊరేగింపు కదులుతుంటే కెమెరా లోపలే ఉంటుంది, మేడ మీద కాదు. రెండు వైపుల నాయకులూ మాట్లాడతారు. తర్వాత పోగొట్టుకున్నవాళ్ళు మాట్లాడతారు. వాళ్ళు మాట్లాడేటప్పుడు కెమెరా తొందరపడదు. కర్ఫ్యూ అంటే ఇంట్లో బియ్యం అయిపోవడం, రోజుకూలీకి పని పోవడం అన్న సంగతి ఎవరో ఉపన్యాసంగా చెప్పరు, ఆ ఇంటివాళ్ళే చెబుతారు. మధ్యలో ప్రొఫెసర్ కేశవరావు జాదవ్ గారు కనిపించగానే లేచి కూర్చున్నాను. ఉస్మానియాలో ఇంగ్లీషు చెప్పినాయన, 1969 ఉద్యమం మనిషి. మన తార్నాక, హబ్సిగూడ వైపు వాళ్ళకు రోజూ కనిపించే ముఖం. హైదరాబాదు ఏక్తా అనే బృందంలో ఆయనా ఉండేవారు. కల్లోలాలు వాటంతట అవి పుట్టుకొచ్చేవి కావు, వాటికి లెక్కలుంటాయి, లాభాలుంటాయి అన్నది సినిమా వాదన. ఈ వాదనలో ప్రతి మాటతోనూ మీరు ఏకీభవించాలని నేననను. నాకే ఒకటి రెండు చోట్ల ఇంకా వివరంగా చెబితే బాగుండుననిపించింది. కానీ ఆ రోజుల ముఖాలు, ఆ వీధుల గోడలు, ఆ గొంతులు ఇట్లా కదులుతూ కనిపించడం నేను ఇంకెక్కడా చూడలేదు.

నేను చూస్తున్నది మాత్రం వేరే. ప్రతి సందులోనూ, ప్రతి గుంపులోనూ పద్నాలుగేళ్ళ ఒక పిల్లవాడి కోసం వెతుకుతున్నాను. దొరకలేదు. దొరకడు కూడా. ఆ సంగతి మా ఆవిడకు చెప్పాను. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో వాడి గురించి చెప్పడం అదే మొదలు.

మన పక్కన రామంతాపూర్‌లోనే దూరదర్శన్ కేంద్రం ఉంది. అక్కడి నుంచి వచ్చే చిత్రలహరి కోసం యాంటెన్నా తిప్పితిప్పి మా ఇంటి కప్పు పెంకులు పగలగొట్టినవాణ్ణి నేను. ఆ టీవీలో ఈ సినిమాను నేనెప్పుడూ చూడలేదు. మన నగరం మీద తీసిన సినిమా నా దాకా రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది, అదీ బెర్లిన్ మీదుగా. అసిటేట్ ఫిల్ము వయసైపోయేకొద్దీ పులిసి వెనిగర్ వాసన కొడుతుంది, కుంచించుకుపోతుంది. మన ఉష్ణోగ్రతల్లో మరీ తొందరగా. బెర్లిన్‌లోని ఆర్సెనల్ అనే సంస్థ ఈ చిత్రాన్ని 2013లో డిజిటల్‌గా బాగుచేసి డీవీడీగా తెచ్చింది. తర్వాత యుగాంతర్ చిత్రాలకూ అట్లాగే మరమ్మతు జరిగింది. జర్మనీ వాళ్ళు పూనుకోకపోతే మన పాతబస్తీ 1984 సంవత్సరం ఏ డబ్బాలో పులిసిపోయేదో.

ఈ దంపతుల నిర్మాణ సంస్థ పేరు డి అండ్ ఎన్ ప్రొడక్షన్స్. దీప, నవ్రోజ్. మన దగ్గర సైకిల్ షాపుకు "శ్రీ లక్ష్మీ శ్రీనివాస" అని పెట్టుకున్నట్టు, అంత మామూలుగా. వాళ్ళ కాపురం ఎట్లాంటిదో ఆ రెండక్షరాలు చెబుతాయనుకుంటాను. మా ఇంట్లో గోడకు మేకు ఎక్కడ కొట్టాలో తేల్చుకోవడానికే ఇద్దరికీ వారం పడుతుంది. వీళ్ళు దశాబ్దాల పాటు ఒక్కొక్క షాటు దగ్గర "ఇక్కడ ఆపు", "ఇంకొంచెం చూడు" అని తేల్చుకున్నారు. అందులో నిర్ణయం ఆమెది. మన తరం మగవాళ్ళలో భార్య చెప్పినచోట కెమెరా పెట్టి, ఆ సంగతి తెర మీద పేరుతో సహా వేయించుకునే వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీరే లెక్కపెట్టుకోండి. నేను నా పేరు కలపలేదు.

ఆ కలిసి చేసిన పని ఏమిటో బాగా తెలిసేది 1991లో వచ్చిన "సమ్‌థింగ్ లైక్ ఎ వార్"లో. కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద, బ్రిటన్‌లోని ఛానల్ ఫోర్ కోసం తీసింది. ఎమర్జెన్సీ రోజుల నస్‌బందీ గురించి మన పెద్దవాళ్ళ దగ్గర అందరం విన్నాం. ఆ తర్వాత ఆ భారం నెమ్మదిగా మగవాళ్ళ మీద నుంచి ఆడవాళ్ళ మీదికి ఎట్లా జరిగిందో ఈ సినిమా చూపిస్తుంది. ఆపరేషన్ల శిబిరంలో ఒక డాక్టరు ఎన్ని వేల ఆపరేషన్లు చేశాడో గర్వంగా చెప్పుకుంటూ, చేతులు ఆడిస్తూనే ఉంటాడు. బల్ల మీద ఆడమనిషి, పక్కన ఇంకో బల్ల, ఇంకో ఆడమనిషి. మా ఫ్యాక్టరీల్లో అసెంబ్లీ లైన్ అంటామే, సరిగ్గా అదే. నేను అసెంబ్లీ లైన్లు పెట్టి బతికినవాణ్ణి, ఆ దృశ్యం చూశాక ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఇదే సినిమాలో ఒక గదిలో పల్లెటూరి ఆడవాళ్ళు కూర్చుని తమ ఒళ్ళు గురించి, కాన్పుల గురించి, కోరికల గురించి నవ్వుకుంటూ మాట్లాడుకుంటారు. కెమెరా వెనక ఉన్నది మగవాడు. ఆ గదిలో అంత నిశ్శబ్దంగా, అడ్డం రాకుండా ఒక మగవాడు ఉండగలగడం ఏ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లోనూ నేర్పే విద్య కాదు. ఇంట్లోనే నేర్చుకోవాలి.

తర్వాతి చిత్రాలను త్వరగా చెప్పేస్తాను. జనాభా వాదాల మీద ఒకటి, గుజరాత్‌లో ఆడవాళ్ళే నడిపే పంచాయతీల మీద "నారీ అదాలత్", తమిళనాడులో ముస్లిం స్త్రీలు పెట్టుకున్న జమాత్ మీద 2011లో "ఇన్వోకింగ్ జస్టిస్". అన్నిట్లోనూ ఇల్లూ న్యాయమూ ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి.

నాకు ముఖ్యమనిపించేది ఏమిటంటే, బెంగుళూరులో ఉంటూ కూడా ఆవిడ హైదరాబాదును వదిలిపెట్టలేదు. 2007లో "ది అడ్వొకేట్" తీశారు, కె.జి. కన్నబిరాన్ గారి మీద. పార్వతీపురం కుట్రకేసు నుంచి మొదలుపెట్టి ఎన్ని కుట్రకేసుల్లో ఆయన వాదించారో మన కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు తెలుసు. పౌరహక్కుల సంఘానికి ఏళ్ళ తరబడి అధ్యక్షుడు. 2010 డిసెంబర్ 30న ఆయన పోయారు. మూడేళ్ళ ముందే ఆయన గొంతు, ఆ వాదించే తీరు సినిమాలోకి ఎక్కి ఉండడం మన అదృష్టం. మళ్ళీ 2018లో "వీ హావ్ నాట్ కమ్ హియర్ టు డై". 2016 జనవరి 17న హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకున్న పరిశోధక విద్యార్థి రోహిత్ వేముల, ఆ తర్వాత దేశమంతా విద్యార్థులు లేచిన తీరు దాని విషయం. 1983, 1986, 2007, 2018. ఒకే నగరం, నాలుగు చిత్రాలు, ముప్పై ఐదేళ్ళు. ఈ నాలుగూ వరుసగా వేసి చూపిస్తే హైదరాబాదు చరిత్ర మీద మన టెన్త్ సోషల్ పుస్తకంలో లేని అధ్యాయం ఒకటి తయారవుతుంది.

2023 జూన్ 18, ఆదివారం. నవ్రోజ్ కాంట్రాక్టర్ మోటార్‌సైకిల్ మీద బయలుదేరారు. హోసూరు దగ్గర రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. అప్పటికి ఆయన వయసు ఎనభైకి అటూ ఇటూ. ఆ వయసులో మోటార్‌సైకిల్ ఏమిటని మా ఆవిడ అంది. పేపర్లో ఆ వార్త చదివి నేను ఆ డీవీడీ మళ్ళీ తీశాను. ఈసారి ముఖాల కోసం వెతకలేదు. కెమెరా ఎక్కడ నిలబడిందో చూస్తూ కూర్చున్నాను. ఏడుస్తున్న మనిషికి ఎంత దూరంలో నిలబడ్డాడు, ఎప్పుడు దగ్గరికి జరిగాడు, ఎప్పుడు జరగకుండా ఆగిపోయాడు. ప్రశ్న వేసే గొంతు ఆమెది, వింటున్న కన్ను ఆయనది.

నేను పక్క బెంచీలో కూర్చుని అడగని ప్రశ్నను వాళ్ళు బెంగుళూరు నుంచి పరుగున వచ్చి అడిగారు. అదే సెప్టెంబర్‌లో, అదే నగరంలో.

ఈ వ్యాసం కోసం మన బడి ఆఫీసుకు పోయాను. 1984-85 హాజరు పట్టీ చెదలు పట్టకుండా ఉంది, అది కూడా ఒక అద్భుతమే. తొమ్మిదో తరగతి, బి సెక్షన్. వాడి పేరు మీద సెప్టెంబర్‌లో రెండు వారాలకు పైగా గీతలు, తర్వాత నాలుగు రోజుల టిక్కులు, అక్టోబర్ నుంచి ఖాళీ. నవంబర్‌లో ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసి ఉంది. కారణం రాయవలసిన గడిలో ఏమీ రాయలేదు.

కమిటీ వాళ్ళు ఈ సావనీర్ చివర బ్యాచ్‌లవారీగా అడ్రసుల జాబితా వేస్తున్నారు. పదో తరగతి రాసినవాళ్ళ పేర్లే అందులో ఉంటాయని, మధ్యలో మానేసినవాళ్ళ పేర్లు వేసే ఆనవాయితీ లేదని ముందు అన్నారు. కాస్త గొడవపడ్డాను. చివరికి వాడి పేరు ఒక్కటి 1986 బ్యాచ్ కింద వేయడానికి ఒప్పుకున్నారు. పక్కన అడ్రసు, ఫోన్ నంబరు ఖాళీగా ఉంటాయి. నాచారం కార్ఖానాల్లో ఆ రోజుల్లో పనిచేసిన పెద్దవాళ్ళు గానీ, వాళ్ళ పిల్లలు గానీ ఎవరికైనా ఆ టర్నర్ గారి కుటుంబం జాడ తెలిస్తే కమిటీకి ఒక్క కబురు చెప్పండి. నాకు ఆ రెండు గడులు నింపాలని ఉంది. డీవీడీ నా దగ్గరే ఉంది, వచ్చినవాళ్ళకు చూపిస్తాను.